ఏఐతో రాయించిన చీరల వివరాలన్నీ ఒకేలా ఉన్నాయి, తప్పు ఎక్కడ జరిగింది?

ఇక్కత్_ఇంటమ్మాయి

మాది భూదాన్ పోచంపల్లి. నాన్నకు చీరల షాపు ఉంది. రెండేళ్లుగా వెబ్‌సైటు, ఇన్‌స్టా, వాట్సాప్ క్యాటలాగ్ నేనే చూసుకుంటున్నాను. పోయిన నెల 64 చీరలకు వివరాలు చాట్‌జీపీటీతో రాయించాను. రెండు సాయంత్రాల్లో పనైపోయింది, ఎంత సంతోషపడ్డానో. ఇప్పుడు వరసపెట్టి చదువుతుంటే ఏడుపొస్తోంది. ఒక ముక్క చూడండి:

"తరతరాల వారసత్వాన్ని ప్రతిబింబించే ఈ మనోహరమైన చీర మీ ప్రతి ప్రత్యేక సందర్భానికి రాజసాన్ని జోడిస్తుంది. నైపుణ్యం గల కళాకారులు ప్రేమతో తీర్చిదిద్దిన ఈ అద్భుతం మీ వార్డ్‌రోబ్‌లో తప్పక ఉండాల్సిందే."

ఇది 64 చీరల్లో దేనికైనా అతుకుతుంది. పక్క షాపు చీరకూ అతుకుతుంది. కంచి చీరకూ అతుకుతుంది!

అంతకన్నా ఘోరం ఏంటంటే, ఒక సీకో చీరకు "స్వచ్ఛమైన పట్టు" అని రాసింది. పట్టు, నూలు కలిపి నేసేది సీకో. నేను చూసుకోకుండా పెట్టేశాను. విజయవాడ నుంచి ఒకావిడ కొన్నారు, చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది, ఫోన్ చేశారు. నాన్న క్షమాపణ చెప్పి, చీర వెనక్కి తీసుకుని, రాను పోను కొరియర్ ఖర్చు కూడా తనే పెట్టుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

టూల్ మార్చాలా? ప్రాంప్ట్ (దానికి ఇచ్చే ఆదేశం) మార్చాలా? లేక ఈ పనికి ఏఐ పనికిరాదా?

నరేష్_నిజామాబాద్

పెయిడ్ వెర్షన్ తీసుకోండి. ఫ్రీది అలాగే రాస్తుంది.

వెన్నెల99

పెయిడ్ నేను వాడుతున్నా. అదీ "అద్భుత సమ్మేళనం" అనే రాస్తుంది, కాకపోతే ఇంకొంచెం పొడుగ్గా.

కాపీ_డెస్క్

దానికి మీరు ఏమిచ్చారు? అడిగిన మాటలు ఉన్నవున్నట్టు ఇక్కడ పెట్టగలరా?

ఇక్కత్_ఇంటమ్మాయి

"పోచంపల్లి చీరకు 80 పదాల్లో ఆకర్షణీయమైన వివరణ తెలుగులో రాయి. రంగు: నెమలికంఠం. ధర: 7,800." అన్నింటికీ ఇదే, రంగూ ధరా మార్చుకుంటూ పోయాను.

కాపీ_డెస్క్

హైదరాబాద్‌లో ప్రకటనల ఏజెన్సీల్లో 14 ఏళ్లు కాపీ రాశాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మీరు ఇచ్చినవి మూడే: ఊరి పేరు, రంగు, ధర. 80 పదాలు కావాలన్నారు. ఆ మూడింటితో 80 పదాలు నిండవు కదా. మిగతాదంతా అది తన దగ్గరున్న సామానుతో నింపింది. నెట్‌లో చీరల గురించి లక్షల పేజీలున్నాయి, అన్నింట్లో ఎక్కువగా కనిపించే మాటలే బయటికి వస్తాయి. అందుకే రాజసం, వారసత్వం, అద్భుతం. "స్వచ్ఛమైన పట్టు" కూడా అలాగే వచ్చింది. పోచంపల్లి చీర అనగానే ఆ పక్కన పట్టు అన్న మాట అది ఎక్కువసార్లు చూసి ఉంటుంది. ఇది సీకో అని మీరు చెప్పలేదు, దానికి తెలిసే దారి లేదు.

మా ఏజెన్సీలో ఎంత సీనియర్ రైటర్‌కైనా ఉత్త చేతులతో పని ఇచ్చేవాళ్లం కాదు. ముందు బ్రీఫ్ అని ఒక కాగితం వచ్చేది. ఎవరితో మాట్లాడుతున్నాం, వాళ్లకు ఇప్పుడు ఉన్న అనుమానం ఏంటి, మనం చెప్పే ఒక్క మాట ఏంటి, దానికి రుజువు ఏంటి, ఏ మాట అనకూడదు. ఈ కాగితం లేకుండా క్లయింట్ "ఏదో మంచిగా రాయండి" అంటే మనిషి కూడా సరిగ్గా మీరు పెట్టిన ముక్కే రాస్తాడు. కొత్తలో నేనూ రాశాను.

కాబట్టి టూల్ సంగతి తరవాత చూద్దాం. ఈ 64 చీరలు ఎవరెవరి కోసమో మీకు తెలుసా?

సూటిగా_సుబ్బారావు

ఇక్కడే నాకు చిరాకు. చిన్న షాపుకి బ్రీఫ్, స్ట్రాటజీ, టార్గెట్ ఆడియన్స్ అంటూ పెద్ద కంపెనీల భాష ఎందుకండీ? మా నాన్న 38 ఏళ్లు ఏలూరులో బట్టల కొట్టు నడిపారు. ఒక్క ప్లానింగ్ కాగితం లేదు. మంచి సరుకు, సరైన ధర. ఈ అమ్మాయి చెయ్యాల్సింది ఒక్కటే, ఏఐని పక్కన పెట్టి రోజుకి రెండు చీరల గురించి తనే రాసుకోవడం. 32 రోజుల్లో అయిపోతుంది.

తెనాలి_పచ్చళ్ళు

సుబ్బారావు గారూ, సగం మీతోనే ఉన్నా. కానీ ఆవిడ రోజంతా ప్యాకింగ్, ఫోన్లు, కొరియర్ చూసుకుని రాత్రి కూర్చోవాలి. నేనూ అదే స్థితిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా.

నా గొడవ వినండి. మా ఇంట్లో అమ్మ పట్టే ఆవకాయలో వెల్లుల్లి ఉండదు. మా దగ్గర కొనేవాళ్లలో చాలామంది దానికోసమే కొంటారు, పూజలు, కార్తీక మాసం, వెల్లుల్లి తినని పెద్దవాళ్లు ఉన్న ఇళ్లు. ఏఐ ఏం రాసిందో తెలుసా? "ఘాటైన వెల్లుల్లి ఘుమఘుమలతో నోరూరించే ఆవకాయ." మూడు రోజులు ఆ పేజీ అలాగే ఉంది. పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి "ఏమ్మా, అమ్మగారు పద్ధతి మార్చేశారా?" అన్నారు. గుండె జారిపోయింది.

తప్పు మెషీన్‌ది కాదు. మా పచ్చడికి ఉన్న అసలు ప్రత్యేకతే నేను దానికి చెప్పలేదు. నిజానికి దాన్ని నేను కూడా ఎప్పుడూ కాగితం మీద పెట్టుకోలేదు, ఇంట్లో అందరికీ తెలిసిందే కదా అని.

వెన్నెల99

"అమ్మగారు పద్ధతి మార్చేశారా" 😂 ఆయనకి నా నమస్కారాలు. ఇలాంటి కస్టమర్లు దొరకాలి.

డల్లాస్_లక్ష్మి

నేను కొనే మనిషిని, అమ్మే మనిషిని కాదు. ఏడాదికి నాలుగైదు చేనేత చీరలు ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటాను. ఒక మాట చెప్తాను, ఎవరూ నొచ్చుకోకండి. ఆ "రాజసం" పేరా నేను ఇంతవరకు ఒక్కసారి కూడా చదవలేదు. కళ్లు నేరుగా కిందకి వెళ్లిపోతాయి. నేను వెతికేది: బ్లౌజ్ ముక్క చీరలోనే ఉందా, విడిగానా? పట్టా, సీకోనా, కాటనా? ఫొటోలో రంగు ఎండలో తీసిందా, లైట్ల కింద తీసిందా? ఫాల్, పికో చేసి పంపుతారా? ఫలానా తేదీలోపు ఇక్కడికి చేరుతుందా? ఇవి దొరక్కపోతే వాట్సాప్ చేస్తాను. అప్పుడు ఇండియాలో అర్ధరాత్రి. పొద్దున జవాబు వచ్చేసరికి నాకు మూడ్ పోతుంది.

కాపీ_డెస్క్

లక్ష్మి గారి పోస్టు ప్రింట్ తీసి గోడకి అంటించుకోండి అమ్మాయ్. సగం బ్రీఫ్ ఇందులోనే ఉంది.

ఇక్కత్_ఇంటమ్మాయి

లక్ష్మి గారూ, మీరు అడిగిన ఐదింట్లో నా పేజీలో ఉన్నది ఒక్కటే, బ్లౌజ్. మిగతా నాలుగూ లేవు.

సుబ్బారావు గారి మాట గురించి కూడా ఆలోచించాను. మా నాన్న దగ్గరా కాగితం లేదు. కానీ నిన్న కౌంటర్ దగ్గర కూర్చుని గమనించాను. ఒకావిడ వచ్చి "చీరలు చూపించండి" అన్నారు. నాన్న ఒక్క చీర కూడా తీయలేదు. "ఎవరికమ్మా? మీకా, పెట్టుబడికా?" అన్నారు, అంటే శుభకార్యంలో ఎవరికైనా పెట్టడానికా అని. ఆవిడ "మా ఆడపడుచుకి, గృహప్రవేశం" అన్నారు. "ఆమె ఎక్కువ కట్టేది కాటనా పట్టా? ఇంట్లో ఉతుక్కుంటారా?" అన్నారు. ఆ తరవాత మూడే చీరలు తీశారు. రెండోది తీసుకుని వెళ్లిపోయారు ఆవిడ. పది నిమిషాలు కూడా పట్టలేదు.

నేను మాత్రం ఎవరినీ ఏమీ అడగకుండా 64 చీరలు ఒకేసారి కుప్ప పోసినట్టయింది.

సూటిగా_సుబ్బారావు

సరే, ఇది ఒప్పుకుంటున్నా. మా నాన్న కూడా అచ్చం ఇలాగే. పెళ్లి వాళ్లు వస్తే ముందు ముహూర్తం ఎప్పుడని అడిగేవారు, తరవాతే బేరం. దాన్ని ప్లానింగ్ అంటారని మాకెవరికీ తెలియదు. కానీ నా రెండో పాయింట్ అలాగే ఉంది: ఇదంతా తెలిశాక ఇంక ఏఐ ఎందుకు? ఆ మాటలే రాసేస్తే సరిపోదా?

రవి_సెర్చ్

సరిపోతుంది, రాయగలిగితే. చాలామందికి రాయడమే రాదు, లేదా 64 సార్లు రాసే ఓపిక ఉండదు. ఒకే వివరాన్ని వెబ్‌సైటుకి ఒక రకంగా, వాట్సాప్‌కి రెండు లైన్లుగా, ఇన్‌స్టాకి ఇంకో రకంగా, ఇంగ్లీషులో మరోసారి రాయాలి. ఏఐ నిజంగా పనికొచ్చేది అక్కడ.

నా పని ఎస్‌ఈఓ, అంటే గూగుల్‌లో వెతికితే పేజీలు పైకి వచ్చేలా చూడటం, కాబట్టి ఇంకో సంగతి. గూగుల్‌కి ఏఐ అంటే పడదని చాలామంది భయపడతారు. 2023 ఫిబ్రవరిలోనే వాళ్లు స్పష్టంగా చెప్పారు, ఎలా తయారైందన్నది కాదు, చదివేవాళ్లకు పనికొస్తుందా లేదా అన్నదే చూస్తామని. అయితే 2024 మార్చిలో స్పామ్ నియమాలు గట్టి చేశారు. ర్యాంకుల కోసం కుప్పలు తెప్పలుగా పేజీలు పుట్టిస్తే, అవి మనిషి రాసినా మెషీన్ రాసినా, అది స్పామ్ కిందే లెక్క. 2022 డిసెంబర్‌లో నాణ్యత కొలిచే మార్గదర్శకాల్లో "అనుభవం" అన్న మాట కూడా చేర్చారు. రాసినవాళ్లకు ఆ వస్తువుతో సొంత అనుభవం ఉందా అని.

పోచంపల్లిలో మగ్గాల మధ్య పెరిగిన అమ్మాయి దగ్గర ఆ అనుభవం ఇంటినిండా ఉంది. అది పేజీలో ఒక్క అక్షరం లేదు. మీ పేజీల్లో నాకు కనిపిస్తున్న నష్టం అదే.

నరేష్_నిజామాబాద్

నేను 4,999 పెట్టి ఒక ప్రాంప్ట్ కోర్సు తీసుకున్నా. 500 రెడీమేడ్ ప్రాంప్ట్‌లు ఇచ్చారు. "నువ్వు 20 ఏళ్ల అనుభవం ఉన్న మార్కెటింగ్ నిపుణుడివి అనుకో" అని మొదలవుతాయి అన్నీ. ఇప్పుడు ఈ థ్రెడ్ చదువుతుంటే, ఆ 500లో ఒక్కటి కూడా "నీ కస్టమర్ ఏం అడుగుతున్నాడు" అని నన్ను అడగలేదని అర్థమవుతోంది.

పుట్టపాక_పోగు

నేత కుటుంబం మాది. నేను చదువుకుని ఉద్యోగంలో ఉన్నా, ఇంట్లో మగ్గం నడుస్తూనే ఉంది. ఇక్కత్_ఇంటమ్మాయి గారూ, మీ సైటు చూశాను. పేరు ఇక్కడ చెప్పను. ఒక చీర కింద "నేసిన తరువాత చేతితో రంగులద్దిన" అని ఉంది. దయచేసి ఈ రోజే తీసేయండి. మనది అలా కాదు కదా. గ్రాఫ్ కాగితం మీద డిజైన్ గీసి, నూలుకు లెక్క ప్రకారం రబ్బరు పట్టీలు చుట్టి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి, మళ్లీ ముంచి, ఇంతా అయ్యాకే నూలు మగ్గం ఎక్కుతుంది. నేసిన బట్ట మీద అచ్చు వేస్తే అది ఇక్కత్ కాదు, దానికి నకలు. మన నోటితో మనమే మన చీరను నకలు అని చెప్పుకున్నట్టయింది.

ఇంకొకటి. "పోచంపల్లి చీరకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఉంది" అని వేరే చీర కింద ఉంది. చీరలు నేసే ఊళ్ల సముదాయం 2014లో భారత్ పంపిన తాత్కాలిక జాబితాలో ఉంది, అంతే. ఊరికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు ఇచ్చింది. ఇవి రెండూ వేరు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నుంచే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. నిజంగా ఉన్నది చెప్పుకోవడానికి మనకేం తక్కువ?

ఇక్కత్_ఇంటమ్మాయి

రెండూ ఇప్పుడే తీసేశాను అన్నా. చాలా థాంక్స్. రబ్బరు పట్టీల మధ్యే పెరిగాను నేను, చిన్నప్పుడు వాటితో ఆడుకునేవాళ్లం. ఆ వాక్యం నా కళ్ల ముందు నుంచే పోయింది, చదవలేదు.

కాపీ_డెస్క్

చదవకపోవడానికీ కారణం ఉంది. 64 ఒకేసారి వచ్చిపడ్డాయి. పదో దాని తరవాత ఎవరి కళ్లూ ఆగవు. ప్లాన్‌లో ఇది కూడా రాసుకోవాలి: ఒక విడతలో ఎన్ని, ఎవరు చదువుతారు, ఎవరు ఓకే చెప్పాక పైకి వెళ్తుంది. మా దగ్గర క్లయింట్ సంతకం లేకుండా పేపర్‌కి ప్రకటన వెళ్లేది కాదు. మీ ఇంట్లో ఆ సంతకం నాన్నగారిది.

అపార్ట్‌మెంట్_అనిత

దీనికి నా వైపు నుంచి. నేను రియల్ ఎస్టేట్ కంటెంట్ రాస్తాను. ఒక ప్రాజెక్టు బ్రోషర్‌కి ఏఐ డ్రాఫ్టులో "మెట్రో స్టేషన్‌కు కేవలం 5 నిమిషాలు" అని వచ్చింది. ఆ లొకేషన్‌కి దరిదాపుల్లో మెట్రో లేదు. మేనేజర్‌కి ఆ లైను బాగా నచ్చింది! తీయించడానికి గంట వాదించాల్సి వచ్చింది. ప్రకటనలో తప్పు చెప్పి అమ్మితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ కింద కొన్నవాళ్లకు పరిహారం ఇవ్వాలని చూపించాక ఒప్పుకున్నారు.

అప్పటి నుంచి నా దగ్గర ప్రతి ప్రాజెక్టుకూ ఒక "నిజాల షీటు" ఉంటుంది. అందులో ఉన్నదే వాడాలి, లేనిది కనిపిస్తే డ్రాఫ్టులో ఖాళీ వదిలి నన్ను అడగాలి అని ఏఐకి మొదటే చెప్తాను. ఖాళీలు వస్తాయి. ఆ ఖాళీలు చూస్తేనే నాకు ఇంకా ఏం తెలుసుకోవాలో తెలుస్తుంది.

చీరలకైనా పచ్చళ్లకైనా ఇదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఏఐ రాసిందండీ అంటే ఎవరూ వినరు.

తెనాలి_పచ్చళ్ళు

"నిజాల షీటు" పేరు బాగుంది, నేను వాడుకుంటున్నా అనిత గారూ. మా దానిలో మొదటి లైను: వెల్లుల్లి లేదు. రెండోది: పప్పునూనె, గానుగది. మూడోది ఏం పెట్టాలో తెలియక వాట్సాప్‌లో పాత మెసేజ్‌లు తిరగేశాను. జనం ఎక్కువగా అడిగింది కారం గురించి కాదండీ, "విమానంలో నూనె కారుతుందా?" అని! దాని గురించి మా పేజీలో ఒక్క ముక్క లేదు. ఇప్పుడు సీసా మూత ఎలా సీల్ చేస్తామో, ఎన్ని పొరలు చుడతామో ఫొటోతో సహా పెట్టాను.

డల్లాస్_లక్ష్మి

ఒకసారి మా సూట్‌కేసు మొత్తం గోంగూర అయింది. ఆ ప్రశ్న నూటికి నూరుపాళ్లు కరెక్ట్.

భాషాభిమాని_బెజవాడ

అందరూ సమాచారం గురించే మాట్లాడుతున్నారు. నా బాధ తెలుగు. ఎంత సమాచారం ఇచ్చినా అది రాసే తెలుగు ఇంగ్లీషుకి చొక్కా తొడిగినట్టే ఉంటుంది. "మీ శైలిని ఉన్నతీకరించుకోండి", "మరపురాని అనుభూతిని అన్వేషించండి". ఏ ఇంట్లో ఏ ఆడబిడ్డ ఇలా మాట్లాడుతుంది? మన భాషలో అమ్ముకోవడానికి మన మాటలు కరువయ్యాయా? తెలుగు వరకైనా మనుషులే రాయాలని నా గట్టి అభిప్రాయం.

వెన్నెల99

ఒప్పుకోను. నేను కాకినాడలో కాజాల షాపుకి పోస్టులు రాస్తాను. ఓనర్ గారు కస్టమర్లతో మాట్లాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను, ఆయనకు చెప్పే. అది టైప్ చేయించి, "ఈయన మాట తీరులోనే రాయి, ఈ పదాలు వాడకు" అని ఓ జాబితా ఇస్తాను. జాబితాలో అద్భుతం, మనోహరం, సమ్మేళనం, అనుభూతి, అన్వేషించండి అన్నీ ఉన్నాయి. వచ్చే తెలుగు నూటికి ఎనభై బాగానే ఉంటుంది. మిగతా ఇరవై నేను దిద్దుతాను.

భాషాభిమాని_బెజవాడ

ఆ రికార్డు చేసే పద్ధతి మాత్రం బాగుంది. అంటే అసలు తెలుగు ఓనర్ గారిదే అన్నమాట. దానికి నాకు అభ్యంతరం లేదు.

రవి_సెర్చ్

ఒక జాగ్రత్త: వాట్సాప్ మెసేజ్‌లు ఏఐకి ఇచ్చేముందు పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు తీసేయండి. ప్రశ్న ఒక్కటే కావాలి మనకి. ఇంకొకటి, "కస్టమర్ల అభిప్రాయాలు రాయి" అని మాత్రం ఎప్పుడూ అడగకండి. అది లేని మనుషుల్ని పుట్టించి పొగిడిస్తుంది.

ఇక్కత్_ఇంటమ్మాయి

రెండు వారాల తరవాత మళ్లీ వచ్చాను. ఏం చేశానో చెప్తాను.

ముందు ఏఐ ముట్టుకోలేదు. ఆరు నెలల వాట్సాప్ మెసేజ్‌లు కూర్చుని చదివాను. చీర కొనేవాళ్లు నాలుగు రకాలుగా కనిపించారు: ఆఫీసుకి కట్టుకునేవాళ్లు, పెట్టుబడికి కొనేవాళ్లు, అమెరికా, ఆస్ట్రేలియా నుంచి పండగలకు తెప్పించుకునేవాళ్లు, ఇక్కత్ గురించి బాగా తెలిసి ఏరుకుని కొనేవాళ్లు. ఆఫీసు వాళ్లు ఉతకడం, ఇస్త్రీ గురించి అడుగుతారు. పెట్టుబడి వాళ్లు ఒకే ధరలో ఐదారు రంగులు అడుగుతారు. బయటిదేశాల వాళ్లు తేదీ అడుగుతారు. తెలిసినవాళ్లు "డబుల్ ఇక్కత్తా, సింగిలా?" అని అడుగుతారు. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) రెండూ కట్టి రంగులద్దిందా, ఒకటేనా అని. నేను ఆ నలుగురికీ ఒకే పేరా పెట్టాను ఇన్నాళ్లూ.

64 చీరల్ని ఆ నాలుగు గుంపులుగా విడగొట్టాను. కొన్ని రెండు గుంపుల్లోకి వచ్చాయి. తరవాత రోజూ షాపు కట్టేశాక నాన్న ముందు ఐదు చీరలు పరిచి, ఎదురుగా ఫోన్ పెట్టి "ఇది అమ్మాలంటే ఏం చెప్తారు నాన్నా?" అని అడిగాను. మొదటి రోజు సిగ్గుపడ్డారు. మూడో రోజుకి ఆపడం కష్టమైంది.

అనిత గారి షీటు, వెన్నెల గారి వద్దన్న మాటల జాబితా, నాన్న మాటలు, ఈ మూడూ ఇచ్చి ఒకేసారి ఐదు చీరలకే రాయించాను. అదే నెమలికంఠం సీకో ఇప్పుడు ఇలా ఉంది:

"ఆఫీసుకి కట్టుకోవడానికి బాగుంటుంది, బరువుండదు. సీకో, అంటే పట్టు, నూలు కలిపి నేసింది. పూర్తి పట్టు కాదు. పేక ఒక్కటే కట్టి రంగులద్దిన సింగిల్ ఇక్కత్. డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి, ఇక్కత్ లక్షణమే అది. తిప్పి చూడండి, వెనక వైపూ రంగు ఇంతే చిక్కగా ఉంటుంది. ఫొటో పగటి వెలుతురులో తీసింది. బ్లౌజ్ చీరలోనే ఉంది. మొదటి రెండు ఉతుకులు విడిగా, చల్లటి నీళ్లలో."

డల్లాస్_లక్ష్మి

ఇది చదివాను. మొత్తం చదివాను.

సూటిగా_సుబ్బారావు

"పూర్తి పట్టు కాదు" అని మొదట్లోనే రాశారు. అమ్మకం తగ్గదూ?

ఇక్కత్_ఇంటమ్మాయి

నాకూ ఆ టెన్షన్ ఉండింది అంకుల్. ఆ లైను నాన్నదే, తీయొద్దన్నారు. ఆయన కౌంటర్ దగ్గరా ముందే చెప్పేస్తారట.

అమ్మకాలు పెరిగాయా అంటే ఇప్పుడే చెప్పలేను, రెండు వారాలే కదా, 23 చీరలే మార్చాను. కానీ "ఇది పట్టా?" అనే మెసేజ్‌లు ఆ 23కి దాదాపు ఆగిపోయాయి. వచ్చే మెసేజ్‌లు ఇప్పుడు "ఇదే డిజైన్ మెరూన్‌లో ఉందా?" లాంటివి.

రవి_సెర్చ్

ఫొటోలు కూడా మార్చారు కదా, వెనక వైపువి పెట్టి? అప్పుడు ఫలితం మాటలదా, ఫొటోలదా తేల్చలేం. మిగతా 41లో సగానికి మాటలే మార్చి ఒక నెల చూడండి. ఏది పని చేసిందో తెలిస్తే వచ్చే సీజన్‌కి ఏం ముందు చెయ్యాలో తేలుతుంది.

ఇక్కత్_ఇంటమ్మాయి

అవును, అది తట్టలేదు. అలాగే చేస్తాను.

కాపీ_డెస్క్

బాగా చేశారమ్మా, మనస్ఫూర్తిగా చెప్తున్నా. ఒక్క మార్పు. బయటిదేశాల గుంపుకి క్యాలెండర్ కూడా కట్టండి. దసరా, దీపావళికి చీర అక్కడికి చేరాలంటే మీ పోస్టు ఎప్పుడు వెళ్లాలో కొరియర్ రోజుల నుంచి వెనక్కి లెక్కేసుకోండి. ఆగస్టు 7 చేనేత దినోత్సవం ఉంది, ఆ రోజు అందరూ దేశభక్తి పోస్టులే పెడతారు. మీరు రబ్బరు పట్టీలు విప్పే వీడియో పెట్టండి. తేదీలు ముందే వేసుకుంటే ఆ వారం హడావిడిగా ఏఐని "ఏదో ఒకటి రాయి" అని అడగాల్సిన అవసరం రాదు. నేను చూసిన చెత్త కాపీలో ఎక్కువ భాగం తెల్లారితే గడువు అన్న రాత్రి పుట్టిందే.

నరేష్_నిజామాబాద్

మా బావమరిదికి ఎరువుల షాపు ఉంది. ఆ కాగితం మాకూ ఇస్తారా, కాపీ చేసుకుంటాం.

ఇక్కత్_ఇంటమ్మాయి

నా కాగితం ఇస్తాను అన్నా, కానీ అందులో అన్నీ చీరల ప్రశ్నలే. మీ బావమరిది షాపులో ఒక శనివారం కూర్చుని రైతులు ఏం అడుగుతున్నారో రాసుకోండి.

తెనాలి_పచ్చళ్ళు

ఎరువులు, పురుగుమందుల విషయంలో మోతాదు లాంటివి ఏఐతో అస్సలు రాయించకండి నరేష్ గారూ. డబ్బా మీద ఉన్న లేబుల్ ఫొటో పెట్టెయ్యండి.

నరేష్_నిజామాబాద్

అది మాత్రం ఖాయం. చెప్తాను వాడికి.

పుట్టపాక_పోగు

కొత్త వివరం చదివాను, తప్పు లేదు. చిన్న మాట: ఒక చీర కింద "ఈ చీర నేయడానికి నెల రోజులు పట్టింది" అని ఉంది. నేసినాయన్ని అడిగి పెట్టారా?

ఇక్కత్_ఇంటమ్మాయి

లేదు అన్నా. నాన్న మాటల్లో "నెలకి తక్కువ కాదు" అని ఉంది, ఏఐ దాన్నే అలా మార్చింది. పైగా పడుగు మీద ఒక్క చీరే రాదు కదా, ఒక్కో చీరకి రోజులెలా లెక్కేస్తారో నేసినవాళ్లే చెప్పాలి. ఇప్పుడే తీసేస్తున్నా. షీటులో కొత్త లైను రాశాను: రోజుల లెక్క నేసినవాళ్లు చెప్తేనే, పేరు వాళ్లు ఒప్పుకుంటేనే.

రేపటి నుంచి తేలియా రుమాల్ డిజైన్ చీరలు మొదలుపెట్టాలి, ఆరున్నాయి. వాటి గురించి నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

పుట్టపాక_పోగు

మా తాత తెలుసు. ఆముదం కాయల బూడిద నీళ్లు, నూనె కలిపి నూలు నానబెట్టడం దగ్గర నుంచి మొత్తం చెప్తాడు. ఆదివారం ఇంటికెళ్తున్నా, రికార్డు చేసి పంపుతా. ఏం అడగాలో మీ ప్రశ్నలు శనివారంలోపు పంపండి.

ఇక్కత్_ఇంటమ్మాయి

ఈ రాత్రికే పంపుతాను అన్నా.